బ్రేక్ పెడల్ మెత్తబడిందా? ముందు ఆయిల్ సంగతి చూడండి

కొండవీడు ఘాట్‌రోడ్డు దిగుతుంటే, పైన బాగానే పట్టిన బ్రేకు సగం దారికొచ్చేసరికి మెత్తబడి పెడల్ లోపలికి జారిపోతుంది. చాలాసార్లు దీనికి కారణం పాత బ్రేక్ ఆయిలే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. ఆయిల్ నొక్కితే కుంచించుకుపోదు కాబట్టే కాలి బలం చక్రానికి చేరుతుంది. అందులో ఆవిరి బుడగలు పుడితే ఆ బలమంతా వాటిని నొక్కడానికే సరిపోతుంది.

అలా జరిగితే టెన్షన్ పడకుండా పెడల్‌ను గబగబా పంపు కొడుతూ, ఒక్కో గేరూ తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగి పక్కకు ఆపండి. కాలిన డిస్క్ మీద నీళ్లు పోయొద్దు, పగుళ్లిస్తుంది. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినా నమ్మకండి, ఆయిల్ మార్పించాల్సిందే. మామూలుగానైనా రెండేళ్లకోసారి మార్చాలి. ఆటోనగర్‌లో చేయిస్తే కొత్త డబ్బా మీ కళ్ల ముందే సీలు తీయమనండి. మూత తీసి ఎన్నాళ్లో ఉంచిన డబ్బాలోకి అప్పటికే తేమ చేరి ఉంటుంది.

బండి చల్లగా ఉన్నా మెత్తగానే ఉంటే ఆయిల్ వెళ్లే లైన్లో గాలి చేరిందన్నమాట, బ్లీడింగ్ చేయించాలి, అంటే ఆ గాలిని బయటికి తీయించాలి. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా కిందికి దిగుతోందా? బయట ఎక్కడా లీకు లేకపోతే పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు పోయినట్టే. ఆ బండి నడపకండి. ఆయిల్ తగ్గిందని ఊరికే పోసి వదిలేయడం కూడా తప్పే. డిస్కును పట్టే ప్యాడ్లు అరిగినా మట్టం కొంచెం తగ్గుతుంది, ఒక్కసారిగా తగ్గితే మాత్రం లీకే.

పెడల్ రాయిలా బిగుసుకుంటే కాలి బలాన్ని పెంచే బూస్టర్‌ను అనుమానించాలి. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే దాని వాక్యూమ్ గొట్టం ముందు చూడమనండి.

కీచుమంటే ప్యాడ్లు చూపించండి, గరగరమంటే ఇనుము డిస్కును కోస్తోంది, ఆ రోజే మార్పించండి. బండి ఒక పక్కకు లాగితే ముందు టైర్లలో గాలి, తర్వాత కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు చూడాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచినట్టు బండి నీళ్లలో నానితే బ్రేకు డ్రమ్ములు విప్పించి బురద, తుప్పు తీయించండి. చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగాకే రోడ్డెక్కించాలి.