నచ్చిన అక్షరాలతో క్రిప్టో అడ్రస్: ప్రైవేట్ కీ పరుల పాలు కాకుండా తయారు చేసుకోవడం ఎలా?

బిట్‌కాయిన్ అడ్రస్ మీ పేరుతో మొదలైతే ముచ్చటగానే ఉంటుంది. ఈథీరియం అడ్రస్ ముందు వరుసగా ఆరేడు సున్నాలు కనిపిస్తే చూసినవాళ్లు ఇదెలా వచ్చిందని అడుగుతారు. ఇలాంటివాటిని వ్యానిటీ అడ్రస్‌లు అంటారు. ముచ్చట తీర్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ 2022 సెప్టెంబరులో అలాంటి సున్నాల అడ్రస్ ఒకటి సుమారు 16 కోట్ల డాలర్లు పోవడానికి కారణమైంది. పోగొట్టుకున్నది నిన్న మొన్న వాలెట్ తెరిచినవాళ్లు కాదు, రోజూ ఇదే వ్యాపారంలో ఉండే వింటర్‌మ్యూట్ అనే ట్రేడింగ్ సంస్థ. ఆ కథ మూడో మెట్టులో వస్తుంది.

దానికన్నా ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. అడ్రస్‌ను మనం రాసుకోలేం, వెతుక్కోగలం అంతే. ప్రైవేట్ కీ అంటే 256 బిట్ల పెద్ద సంఖ్య, అది ఎవరి చేతిలో ఉంటే ఆ అడ్రస్‌లోని సొమ్ము వాళ్ల చేతిలో ఉన్నట్టే. దాని నుంచి పబ్లిక్ కీ వస్తుంది, పబ్లిక్ కీని హ్యాష్ చేస్తే, అంటే వెనక్కి విప్పలేని లెక్కతో కుదిస్తే, అడ్రస్ వస్తుంది. ఈ దారిలో ముందుకు వెళ్లడమే తప్ప వెనక్కి రావడం లేదు. అందువల్ల ఫలానా అడ్రస్ కావాలని దాని నుంచి కీని పుట్టించడం కుదరదు. ఒక కీ తీసుకుని అడ్రస్ ఏమొచ్చిందో చూడాలి, నచ్చకపోతే దాన్ని పారేసి మరో కీ తీసుకోవాలి. వ్యానిటీ ప్రోగ్రాములు చేసేది ఇదే, సెకనుకు లక్షలసార్లు, కోట్లసార్లు. కాబట్టి అడ్రస్ ఎంత అందంగా ఉందన్నది కీ ఎంత గట్టిదో చెప్పదు. పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఉన్నా బయటివాళ్లకు తెలియదు, మీకూ తెలియదు. ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నీ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి: ఆ కీ ఎక్కడ పుట్టింది? పుట్టేటప్పుడు ఎవరు చూశారు?

(మొదటి నుంచి దాదాపు చివరి దాకా అర్థవంతమైన మాటలతోనే నిండిన బిట్‌కాయిన్ అడ్రస్ ఎక్కడైనా కనిపిస్తే దానికి డబ్బు పంపకండి. దాని కీ ఎవరి దగ్గరా ఉండదు. ముందు మాటలు రాసి, చివర సరిపోయే చెక్‌సమ్‌ను, అంటే రాతలో తప్పులను పట్టించే అక్షరాలను, లెక్కగట్టి అతికించి ఉంటారు. 2014 జనవరిలో కౌంటర్‌పార్టీ ప్రాజెక్టు మొదలైనప్పుడు అందులో చేరినవాళ్లు ఇలాంటి అడ్రస్‌కే రెండు వేలకు పైగా బిట్‌కాయిన్లను తెలిసే పంపి బూడిద చేశారు. తెలియక పంపినా ఫలితం అదే.)

మొదటి మెట్టు: అవసరమా అని తేల్చుకోండి

గుర్తుపట్టడానికి మాత్రమే అయితే వాలెట్‌లోనే ప్రతి అడ్రస్‌కూ ఒక పేరు రాసి పెట్టుకోవచ్చు. ఎదుటివాళ్లకు సులువుగా చెప్పడానికైతే ఈథీరియంలో 2017 నుంచి ఈఎన్ఎస్ అనే పేర్ల వ్యవస్థ ఉంది. ఆ పేరును మామూలు అడ్రస్‌కు ముడిపెట్టుకోవచ్చు, రేపు అడ్రస్ మారినా పేరు మారదు. ఈ రెండింటిలోనూ ప్రైవేట్ కీ జోలికి వెళ్లే పనే లేదు. నన్ను అడిగితే, పదిమందిలో తొమ్మిది మంది ఇక్కడే ఆగిపోవచ్చు.

రెండో మెట్టు: ఎన్ని అక్షరాలో నిర్ణయించుకోండి

ఒక్కటితో మొదలయ్యే పాతరకం బిట్‌కాయిన్ అడ్రస్‌లలో 58 అక్షరాలు వాడతారు. చూపుకు తికమక పెట్టే సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ వాటిలో ఉండవు. బీసీ1తో మొదలయ్యే కొత్తరకంలో 32 అక్షరాలే. ఈథీరియంలో సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు అక్షరాలు, మొత్తం 16. అంటే ఈథీరియంలో చాలామంది పేర్లు రాయడానికి అక్షరాలే చాలవు, అందుకే అక్కడ సున్నాల మోజు ఎక్కువ.

ఒక్కో అక్షరం పెంచిన కొద్దీ వెతుకులాట ఆ సంఖ్యతో గుణించినట్టు పెరుగుతుంది. ఈథీరియంలో ఐదు అక్షరాలకు సగటున పదిన్నర లక్షల ప్రయత్నాలు చాలు, ఎనిమిది అక్షరాలకైతే సుమారు 429 కోట్లు కావాలి. ఈ 429 కోట్లను గుర్తుంచుకోండి, మళ్లీ రెండుసార్లు ఎదురవుతుంది. మీ సొంత కంప్యూటర్‌లో కాసేపట్లో దొరికే నాలుగైదు అక్షరాలతో సరిపెట్టుకోవడం మేలు. ఆశ ఎక్కువైతే సొంత యంత్రం చాలదు. అప్పుడు పరుల యంత్రాలను, పరుల వెబ్‌సైట్లను ఆశ్రయించాలనిపిస్తుంది. చాలామందికి ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

మూడో మెట్టు: ప్రోగ్రామ్‌ను ఎంచుకోండి

ఇక్కడ తొందర పడకండి. ప్రొఫానిటీ అనే ప్రోగ్రామ్ ఒకప్పుడు ఈథీరియం వ్యానిటీ అడ్రస్‌లకు బాగా పేరుపడింది. గ్రాఫిక్స్ కార్డు మీద నడిచేది, చాలా వేగం. కోడ్ బహిరంగంగానే ఉండేది, ఎవరైనా చదువుకోవచ్చు. అయినా లోపల ఒక తప్పు దాగి ఉంది. 256 బిట్ల కీని పుట్టించడానికి అది మొదట తీసుకునే బీజం 32 బిట్లదే. ఆ చిన్న బీజాన్ని మెర్సెన్ ట్విస్టర్ అనే సూత్రంతో సాగదీసి పెద్ద కీగా చేసేది. సాగదీసినంత మాత్రాన గింజ పెద్దదవదు కదా. 32 బిట్లతో సాధ్యమయ్యే బీజాలు మొత్తం 429 కోట్లే. ఆ బీజాలన్నిటినీ వరుసగా వేసి చూస్తూ, అక్కడి నుంచి ప్రోగ్రామ్ నడిచిన దారినే నడిస్తే, బయట కనిపిస్తున్న అడ్రస్‌కు కీ దొరికిపోతుంది.

2022 సెప్టెంబరు 15న వన్‌ఇంచ్ అనే క్రిప్టో మార్పిడి సేవ బృందం ఈ సంగతిని బయటపెట్టింది. ఐదు రోజులకే, 20వ తేదీన, వింటర్‌మ్యూట్ సొమ్ము పోయింది. ఆ తర్వాత ఆంబర్ గ్రూప్ అనే క్రిప్టో సంస్థ పరిశోధకులు అదే అడ్రస్ కీని 16 జీబీ మెమరీ ఉన్న మ్యాక్‌బుక్ మీద 48 గంటల లోపే తిరిగి పట్టుకుని చూపించారు. ఇందులో నాకు ఎక్కువగా గుచ్చుకునే విషయం వేరొకటి ఉంది. ఆ సున్నాల అడ్రస్‌లో ఉన్న ఈథర్‌ను, అంటే ఈథీరియం నాణేన్ని, వింటర్‌మ్యూట్ ముందే ఖాళీ చేసింది. కానీ సొమ్మంతా ఉన్న వాల్ట్ కాంట్రాక్టులో (ఈథీరియం మీద నడుస్తూ సొమ్మును కాచే ప్రోగ్రామ్‌లో) ఆ అడ్రస్‌కు ఇచ్చిన అధికారాన్ని మాత్రం తీసేయలేదు. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అన్న మాట దీనికి అచ్చంగా సరిపోతుంది.

ఇదేదో ఒకసారి జరిగి ముగిసిన పొరపాటు కూడా కాదు. లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్‌లో అదే మెర్సెన్ ట్విస్టర్, అదే 32 బిట్ల బీజం ఉన్నట్టు 2023లో తేలింది, అప్పటికే దొంగలు వాలెట్లను ఊడ్చేశారు.

కాబట్టి ఏ ప్రోగ్రామ్ అయినా వాడే ముందు ఇవి చూడండి. యాదృచ్ఛిక సంఖ్యను ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే భద్రమైన మూలం నుంచి తీసుకుంటోందా, లేక సొంత లెక్కతో పుట్టిస్తోందా? బీజం కనీసం 128 బిట్లు, వీలైతే పూర్తి 256 బిట్లు ఉందా? తయారుచేసినవాళ్లు ఇప్పటికీ దాన్ని చూసుకుంటున్నారా, లేక వదిలేశారా? కోడ్ చదవడం రాకపోతే చదవగలిగినవాళ్లు పరిశీలించి రాసిన నివేదిక ఉందేమో వెతకండి. అదీ లేకపోతే ఆ ప్రోగ్రామ్ వద్దు. కోడ్ బహిరంగంగా ఉండటం వేరు, ఎవరైనా కూర్చుని చదవడం వేరు.

ఇంకో మాట. యంత్రాన్ని నమ్మక కీని తామే "ఆలోచించి" పెట్టుకునేవాళ్లూ ఉన్నారు: ఒక పద్య పాదమో, సామెతో తీసుకుని హ్యాష్ చేసి అదే ప్రైవేట్ కీ అనుకుంటారు. దీన్ని బ్రెయిన్ వాలెట్ అంటారు. ఇలాంటి మాటలను కోట్లకొద్దీ వేసి చూసే ప్రోగ్రామ్‌ను భద్రతా పరిశోధనలు చేసే ర్యాన్ కాస్టెలూచి 2015లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో చూపించారు. మనిషికి గుర్తుండే మాట మరో మనిషికి తట్టకుండా ఉండదు. ఆ పని చేయకండి.

నాలుగో మెట్టు: వెబ్‌సైట్లకు దూరంగా ఉండండి, తప్పకపోతే కీని రెండు ముక్కలు చేయండి

"ఇక్కడ నొక్కండి, మీ అడ్రస్ సిద్ధం" అనే వెబ్‌సైట్ మీ కీని మీకన్నా ముందు చూస్తుంది. ఐయోటా అనే నాణేనికి సీడ్ (వాలెట్ కీలన్నిటికీ మూలమైన రహస్య అక్షరాల వరుస) తయారుచేసి ఇస్తానన్న ఒక సైట్ చూడటానికి నిజాయితీగానే కనిపించింది. అది పుట్టించే సీడ్‌లు యాదృచ్ఛికం కావని, నడిపినవాడికి ముందే తెలుసని 2018 జనవరిలో వాలెట్లు ఖాళీ అయ్యాకే తెలిసింది. అతను నెలల తరబడి ఓపిగ్గా ఆగి, అందరి సొమ్మునూ ఒకేసారి లాగేశాడు. అంటే నిన్నటిదాకా ఏమీ కాలేదన్నది భద్రతకు రుజువు కాదు.

పెద్ద అడ్రస్ కావాలి, పరుల యంత్రం తప్పదు అనుకుంటే ఒక చక్కని ఉపాయం ఉంది. మీరు ఇంట్లో ఒక ప్రైవేట్ కీ తయారు చేసుకుని, దాని పబ్లిక్ కీని మాత్రమే వెతికేవాళ్లకు ఇస్తారు. వాళ్లు దానికి ఏ సంఖ్య కలిపితే మీ అక్షరాలు వస్తాయో వెతికి ఆ సంఖ్యను పంపుతారు. మీ కీకి దాన్ని కూడి, కీల లెక్కకు ఆధారమైన వక్రరేఖకు (ఎలిప్టిక్ కర్వ్) నిర్ణయించిన పెద్ద సంఖ్యతో భాగించగా మిగిలిన శేషమే అసలు కీ. వెతికినవాళ్ల దగ్గర ఒక ముక్కే ఉంటుంది, అది ఒంటరిగా దేనికీ పనికిరాదు. ప్రొఫానిటీ తప్పు బయటపడ్డాక వచ్చిన ప్రొఫానిటీ2 ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. ఎవరైనా మీ ప్రైవేట్ కీ అడిగినా, పూర్తి కీని తయారుచేసి పంపిస్తామన్నా అది ఈ పద్ధతి కాదని గ్రహించండి.

ఐదో మెట్టు: నెట్ తీసేసి తయారు చేయండి

ప్రోగ్రామ్‌ను దాని అసలు చోటు నుంచే దించుకుని, తయారీదారు ఇచ్చిన సంతకాన్నో హ్యాష్‌నో సరిపోల్చండి. యూఎస్‌బీ నుంచి నడిచే లైనక్స్‌తో కంప్యూటర్‌ను తెరిచి, నెట్ కనెక్షన్ తీసేసి, ఆ తర్వాతే వెతకడం మొదలుపెట్టండి. దొరికిన కీని కాగితం మీద రాసుకోండి. ఫోనుతో ఫొటో తీయడం, మెయిల్‌లో దాచుకోవడం, నెట్ ఉన్న కంప్యూటర్‌లో కాపీ చేసి పేస్ట్ చేయడం వద్దు. క్లిప్‌బోర్డును కనిపెట్టుకుని ఉండే వైరస్‌లు ఉన్నాయి.

ఆరో మెట్టు: సరిచూసుకోండి

రాసుకున్న కీని, నెట్ లేకుండానే, వేరే వాలెట్ ప్రోగ్రామ్‌లో ఎక్కించి అదే అడ్రస్ వస్తోందో లేదో చూడండి. కంప్యూటర్ తెర మీద చూసి కాకుండా కాగితం మీద చూసి ఎక్కించండి, రాతలో తప్పుంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత పోయినా బాధపడని కొద్దిపాటి మొత్తాన్ని పంపి, మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. డబ్బు రావడం ఒక్కటే పరీక్ష కాదు, పోవడం కూడా చూడాలి.

ఏడో మెట్టు: విడిగా భద్రపరచండి

చాలామంది ఇక్కడ పొరబడతారు. మీ వాలెట్ ఇచ్చిన 12 లేదా 24 మాటలు ఆ మాటల నుంచి పుట్టిన కీలనే తిరిగి ఇవ్వగలవు. బయట వెతికి తెచ్చి ఎక్కించిన వ్యానిటీ కీకి ఆ మాటలతో సంబంధం లేదు. ఫోను పోయి, మాటలతో వాలెట్‌ను తిరిగి తెరిస్తే మిగతావన్నీ వస్తాయి, అదొక్కటే రాదు. దానికి వేరే కాగితం, వేరే చోటు ఉండాలి. పైగా చాలా హార్డ్‌వేర్ వాలెట్లు ఇలా బయటి నుంచి తెచ్చిన ఒంటరి కీని తీసుకోవు. మాటల నుంచే వ్యానిటీ అడ్రస్‌ను వెతికే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి, కానీ అందులో ప్రతి ప్రయత్నానికీ 2048 సార్లు హ్యాష్ లెక్క వేయాలి కాబట్టి నత్తనడకే.

ఎనిమిదో మెట్టు: వాడేటప్పుడు

ఈ అడ్రస్‌ను డబ్బు రావడానికి మాత్రమే వాడి, వచ్చినదాన్ని ఎప్పటికప్పుడు అసలు వాలెట్‌కు తరలించండి. పేరున్న అడ్రస్ కాబట్టి దాన్నే అందరికీ ఇస్తారు, దాంతో ఎవరు ఎంత పంపారో ఎవరైనా లెక్క కట్టవచ్చు.

మీ అక్షరాలు చూసి జనం గుర్తుపడతారన్న నమ్మకం కూడా వద్దు. మీరు వెతకగలిగినదాన్ని దొంగ కూడా వెతకగలడు. అడ్రస్‌లో మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు మాత్రమే చూసే అలవాటు చాలామందికి ఉంది. ఈథీరియంలో ఆ ఎనిమిదింటినీ కలపడానికి కావలసినవి అవే 429 కోట్ల ప్రయత్నాలు, మంచి గ్రాఫిక్స్ కార్డుకు అది నిమిషంలోపే అయ్యే పని. అలా తయారుచేసిన నకిలీ నుంచి మీకు విలువలేని లావాదేవీ ఒకటి పంపుతారు. రేపు మీరు పాత జాబితాలోంచి అడ్రస్ కాపీ చేస్తే డబ్బు నకిలీకి వెళ్తుంది. 2024 మే నెలలో ఒకరు ఇలాగే ఒక్క దెబ్బకు 1,155 చుట్టిన బిట్‌కాయిన్లను (ఈథీరియం మీద నడిచే బిట్‌కాయిన్ ప్రతిరూపాలను), అంటే ఆరున్నర కోట్ల డాలర్లకు పైబడిన సొమ్మును పంపేశారు. వాళ్ల అదృష్టం కొద్దీ చాలావరకు తిరిగి వచ్చింది. మీ వాళ్లకు అడ్రస్ ఇచ్చేటప్పుడు పూర్తిగా సరిచూడమని చెప్పండి, లావాదేవీల జాబితాలోంచి కాకుండా వాలెట్‌లో దాచుకున్న చిరునామాల పుస్తకం నుంచి తీసుకోమనండి.

ఇప్పటికే అనుమానాస్పద అడ్రస్ ఉంటే

ప్రొఫానిటీతోనో, ఏదో వెబ్‌సైట్‌తోనో చేసుకున్న అడ్రస్ మీ దగ్గర ఉంటే మొదట కొత్త వాలెట్ తెరిచి, విలువైన టోకెన్ల నుంచి మొదలుపెట్టి అన్నీ తరలించండి. ఆ తర్వాత ఆ అడ్రస్‌కు ఎక్కడెక్కడ అధికారం ఉందో జాబితా రాయండి: కాంట్రాక్టుల యజమానిగా, నిర్వాహకుడిగా, ఉమ్మడి వాలెట్‌లో సంతకందారుగా, పేరు నమోదులో సొంతదారుగా. ప్రతిచోటా కొత్త అడ్రస్‌కు మార్చండి. రుసుము కట్టడానికని పాత అడ్రస్‌లోకి ఈథర్ వేస్తే, అది చేరిన క్షణంలోనే ఊడ్చేసే బాట్‌లు కాచుకుని ఉండవచ్చు. మీకన్నా ముందే కీ పట్టుకున్నవాళ్లు ఉన్నారన్న సూచన కనిపిస్తే ఒంటరిగా ప్రయత్నించకండి. రుసుము, తరలింపు ఒకే కట్టగా, ఒకే బ్లాకులో పడేలా పంపించడం తెలిసినవాళ్ల సాయం తీసుకోండి. సాయం చేస్తామంటూ కీ అడిగేవాళ్లకు మాత్రం ఇవ్వకండి.