మెగ్నీషియం గోళీలు: రోజుకు ఎంత వేసుకోవచ్చో లెక్కగట్టడం ఎలా?

పత్తి ఏరే రోజుల్లో నల్లగొండలోని మా మందుల షాపుకు చండూరు వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. 58 ఏళ్లుంటాయి. సంచిలోంచి ఒక సీసా తీసి కౌంటర్ మీద పెట్టింది.

"కొడుకు పట్నం నుంచి పంపిండు సారూ. రాత్రిపూట పిక్కలు పట్టుకుంటున్నయంటే రోజూ రెండేసుకోమన్నడు. ఏసుకోవచ్చునా?"

సీసా మీద పెద్ద అక్షరాలతో '2000 ఎంజీ' అని ఉంది. వేసుకునే ముందు అడిగినందుకు నాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే చాలామంది అడగరు. 'ఖనిజ లవణమే కదా, బలానికే కదా' అని మింగేస్తారు. ఆ రోజు ఆమెతో కూర్చుని వేసిన లెక్కనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదట కిడ్నీల సంగతి తేల్చుకోండి

ఒంట్లో ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటకు పంపేది కిడ్నీలే. అవి బాగుంటే కాస్త ఎక్కువైనా మూత్రంలో పోతుంది. అవి మందగిస్తే మెగ్నీషియం రక్తంలో పేరుకుంటుంది. అందుకే గోళీల లెక్క కంటే ముందు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, అంటే క్రియాటినిన్ రిపోర్టు చూడాలి.

పెద్దమ్మ దగ్గర పాత రిపోర్టు ఉంది. క్రియాటినిన్ 1.1. పక్కన నార్మల్ అనే ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. క్రియాటినిన్ ఒక్కటే చూస్తే సరిపోదు, దాన్ని వయసుతో, ఆడా మగా అన్నదానితో కలిపి ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె కట్టాలి, కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పేది అదే. అదే 1.1 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్‌ఆర్ 95 దగ్గర వస్తుంది. 58 ఏళ్ల ఆడమనిషికి 58 దగ్గరే వస్తుంది. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ రాసి లేకపోతే ల్యాబ్‌లోనే అడగండి, లెక్కేసి ఇస్తారు.

ఆ అంకె 60 కంటే తక్కువ ఉంటే డాక్టరును అడగకుండా మెగ్నీషియం మొదలుపెట్టకండి. 30 కంటే తక్కువ ఉంటే ఆ ఆలోచనే మానుకోండి. గుండె కొట్టుకోవడంలో 'బ్లాక్' ఉందని చెప్పినవాళ్లు, మయాస్థీనియా అనే కండరాల బలహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా సొంతంగా వేసుకోకూడదు. పిల్లలకు అసలే వద్దు. వాళ్ల హద్దులు వేరు: ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు గోళీల రూపంలో గరిష్ఠంగా 65 మి.గ్రా., నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు 110.

మన జిల్లాలో ఈ మొదటి అడుగు మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, నడుము పట్టేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ నొప్పులకు డైక్లోఫినాక్ లాంటి గోళీలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బీపీ, షుగర్ తోడైతే ఇంకా ఎక్కువ. పిక్కల నొప్పికి మెగ్నీషియం కోసం మా షాపుకు వచ్చేది కూడా ఎక్కువగా వీళ్లే.

సీసా ముందున్న అంకెను నమ్మకండి

మెగ్నీషియం ఒంటరిగా గోళీలో ఉండదు. ఆక్సైడ్, సిట్రేట్, గ్లైసినేట్, ఇలా ఇంకోదానితో కలిసి ఉంటుంది. ముందువైపు పెద్దగా వేసేది చాలాసార్లు ఆ మొత్తం ఉప్పు బరువు. మనకు కావలసింది అందులోని అసలు మెగ్నీషియం. వెనకవైపు చిన్న అక్షరాల పట్టికలో 'ఎలిమెంటల్ మెగ్నీషియం' అని ఉంటే ఆ అంకె తీసుకోండి. లేకపోతే ఇలా లెక్కేసుకోండి: ఆక్సైడ్‌లో సుమారు 60 శాతం, హైడ్రాక్సైడ్‌లో సుమారు 42, సిట్రేట్‌లో 16 దాకా, గ్లైసినేట్‌లో సుమారు 14, క్లోరైడ్‌లో సుమారు 12.

పెద్దమ్మ సీసా గ్లైసినేట్. రెండు గోళీలకు 2000 ఎంజీ. అందులో 14 శాతం అంటే 280 మి.గ్రా. అసలు మెగ్నీషియం. గోళీకి 140 అన్నమాట. అదే 500 ఎంజీ ఆక్సైడ్ గోళీ అయితే ఒక్కదాంట్లోనే 300 ఉంటుంది. పైకి చిన్నగా కనిపించే అంకె, లోపల పెద్ద మోతాదు. ఆక్సైడ్ ఒంటికి తక్కువగా పడుతుంది, మిగిలింది పేగుల్లో ఉండి విరేచనాలు చేయిస్తుంది. అయినా హద్దు లెక్కించేటప్పుడు ఆ 300ను 300గానే రాసుకోండి.

రేపర్ మీద 'రెండు గోళీలకు' అని ఉందా, 'ఒక గోళీకి' అని ఉందా అన్నది తప్పక చూడండి. ఇక్కడ పొరపడితే మోతాదు రెట్టింపవుతుంది.

తిండిలో ఎంత వస్తోందో చూడండి

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం రోజుకు మగవాళ్లకు 440, ఆడవాళ్లకు 370 మి.గ్రా. కావాలి. ఇది తిండితో కలిపి మొత్తం. గోళీతోనే అంతా నింపాలని కాదు.

పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో జొన్నరొట్టె ఇంకా పోలేదు, అది మన అదృష్టం. 100 గ్రాముల జొన్నపిండిలో దాదాపు 130 మి.గ్రా. మెగ్నీషియం ఉంటుంది. సజ్జల్లోనూ ఇంచుమించు అంతే, రాగుల్లో ఇంకొంచెం ఎక్కువ. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, దాదాపు 60 ఇస్తాయి. పాలిష్ పట్టిన బియ్యంలో మాత్రం 100 గ్రాములకు 20 కూడా ఉండదు.

పొద్దున రెండు జొన్నరొట్టెలు, ఒక పూట అన్నం, పప్పు, ఆకుకూర, మజ్జిగ, గుప్పెడు పల్లీలు తినే ఆడమనిషికి 280 దాకా తిండిలోనే వస్తుంది. లోటు 90. అంతే. మూడు పూటలా తెల్లన్నం తినేవాళ్లకు 130 దాటడం కష్టం, లోటు 240 దాకా ఉంటుంది. వాళ్లకు కూడా గోళీ కంటే ముందు ఒక పూట రొట్టె చేసుకోమనే చెబుతాను. తిండి ద్వారా వచ్చే మెగ్నీషియంతో ఆరోగ్యవంతులకు ప్రమాదం లేదు, గోళీల హద్దులో దాన్ని కలపక్కర్లేదు.

మందుల్లో దాగినదాన్ని కలపండి

పెద్దమ్మను ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగాను. లేదంది. కాసేపాగి, "కడుపుల మంటకు తెల్ల మందు తాగుతున్న" అంది. ఆ తెల్ల మందుల్లో చాలావాటిలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో 5 మి.లీ. చెంచాకు 400 మి.గ్రా. హైడ్రాక్సైడ్ ఉంటే, అసలు మెగ్నీషియం దాదాపు 165. రెండు చెంచాలు తాగితేనే 330. కాల్షియం గోళీల్లో, మల్టీవిటమిన్లలో కూడా కలుపుతారు. ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట పెట్టి లేబుళ్లు చదవండి, అంకెలన్నీ కూడండి.

ఇప్పుడు మోతాదు

గోళీలు, మందులు అన్నీ కలిపి పెద్దవాళ్లకు రోజుకు 350 మి.గ్రా. దాటకూడదని అమెరికా నిపుణులు 1997లో హద్దు పెట్టారు. ఐరోపా నిపుణులు 250 దగ్గరే ఆగారు. నేను 250నే పట్టుకుంటాను. మన దగ్గర కిడ్నీ పరీక్ష చేయించుకోనివాళ్లే ఎక్కువ కాబట్టి ఆ తక్కువ అంకె మేలు.

కిడ్నీలు బాగున్నాయని తేలిన మనిషి ఇలా చేయవచ్చు. మీ లోటు ఎంతో అంతవరకే తీసుకోండి. 100తో మొదలుపెట్టండి, రాత్రి భోజనం చేశాక వేసుకోండి. వారం చూడండి. విరేచనాలు అయితే సగానికి తగ్గించండి లేదా ఆపండి. బాగానే ఉండి, లోటు పెద్దదైతే 200 దాకా వెళ్లవచ్చు. రెండు మూడు నెలలకు మించి వాడాలంటే డాక్టరుతో మాట్లాడండి.

రక్తంలో మెగ్నీషియం పరీక్ష నార్మల్ వచ్చినా లోటు లేదని గట్టిగా చెప్పలేం. ఒంట్లోని మెగ్నీషియంలో రక్తంలో తిరిగేది 1 శాతం కూడా ఉండదు.

పిక్కలు పట్టేయడం గురించి ఒక మాట. పెద్ద వయసువాళ్ల మీద చేసిన పరీక్షల్లో మెగ్నీషియంతో చెప్పుకోదగ్గ ఉపశమనం కనబడలేదు. ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగా తాగకపోవడం, మూత్రం ఎక్కువ రావడానికి ఇచ్చే బీపీ గోళీలు, షుగర్ వల్ల నరాల దెబ్బ, ఇవన్నీ కారణాలు కావచ్చు. నెల రోజులు వాడినా తేడా లేకపోతే మోతాదు పెంచకండి, ఆపేసి కారణం వెతికించుకోండి.

వేరే గోళీలతో దూరం

థైరాయిడ్ గోళీకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లను మెగ్నీషియానికి కనీసం రెండు గంటల ముందు వేసుకోవాలి. ముందు మెగ్నీషియం వేసుకుని ఉంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. లేకపోతే ఆ మందు ఒంటికి పట్టదు. గ్యాస్‌కు పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ ఏడాదికి పైగా వాడేవాళ్లకు మెగ్నీషియం తగ్గిపోవచ్చు, వాళ్లు డాక్టరుకు ఆ సంగతి చెప్పి పరీక్ష చేయించుకోవాలి. స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లలో మాత్రం మెగ్నీషియం ఒంట్లోనే నిలిచిపోవచ్చు.

పెద్దమ్మను ఆ రోజు గోళీ వేసుకోవద్దన్నాను. కొడుకుతో ఫోన్‌లో మాట్లాడి, రిపోర్టు, తెల్ల మందు సీసా, గోళీల సీసా మూడూ డాక్టరుకు చూపించమని చెప్పాను. పది రోజులకు మళ్లీ వచ్చింది. డాక్టరు గోళీలు, తెల్ల మందు రెండూ ఆపించి, కిడ్నీ పరీక్ష మళ్లీ రాశారట.

ఇవి కనబడితే ఆగకండి

మెగ్నీషియం వాడుతుండగా వాంతి వచ్చినట్టుండటం, ముఖం ఎర్రబడి వేడెక్కడం, మత్తుగా ఉండటం మొదలైతే వెంటనే గోళీ ఆపి, అదే రోజు డాక్టరును కలవండి. కాళ్లూ చేతులూ సత్తువ లేకుండా వాలిపోతున్నా, బీపీ బాగా పడిపోయినా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నా, ఊపిరి బరువైనా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ సీసాను వెంట తీసుకెళ్లండి.