పోలీయెగోస్: మనుషులు లేని గ్రీకు దీవికి ఎలా వెళ్లాలి?

ఏజియన్ సముద్రంలో జనావాసం లేని దీవుల్లో అన్నిటికన్నా పెద్దది పోలీయెగోస్. విస్తీర్ణం దాదాపు 18 చదరపు కిలోమీటర్లు. గ్రీకులో ఆ పేరుకు ‘మేకలు ఎక్కువున్న చోటు’ అని అర్థం. ఇప్పటికీ అక్కడ తిరిగేవి మేకలే. హోటల్ లేదు, కొట్టు లేదు. తెల్లటి కొండచరియలు, వాటి కింద అడుగున రాళ్లు కూడా కనబడేంత తేటనీళ్లు, అంతే.

ముందు మీలోస్ దీవికి చేరాలి. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ఏథెన్స్ నుంచి విమానం ఉంది, పిరేయస్ రేవు నుంచి ఫెర్రీలు ఉన్నాయి. మీలోస్‌లోని పొలోనియా రేవులో ఇంకో ఫెర్రీ ఎక్కితే సుమారు అరగంటలో కిమోలోస్. పోలీయెగోస్‌కి మాత్రం మామూలు ఫెర్రీ లేదు, ఈ రెండు దీవుల నుంచి వెళ్లే టూరు పడవలే దిక్కు. నన్నడిగితే కిమోలోస్‌లోనే బస చేయండి. ఊరు చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది, వెళ్లాల్సిన దీవి ఎదురుగానే కనిపిస్తుంది.

తర్వాత తేదీ. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. పైన ఎండ కాస్తూనే ఉంటుంది, మబ్బు తునక కూడా ఉండదు, సముద్రం మాత్రం పోటెత్తిపోతుంది. అక్కడ గాలి వేగాన్ని బోఫోర్ట్ అంకెల్లో చెబుతారు. 6 అన్నారంటే చిన్న పడవలు సాధారణంగా కదలవు. అందుకే కనీసం మూడు రోజులు చేతిలో ఉంచుకుని, మొదటి రోజుకే పడవ బుక్ చేయండి. అది రద్దయినా టెన్షన్ ఉండదు. వీలైతే జూన్‌లోనో సెప్టెంబర్‌లోనో వెళ్లండి.

డబ్బు కట్టే ముందు పడవవాళ్లను ఒక మాట అడగాలి: “ఒడ్డుకు ఎలా దింపుతారు?” అక్కడ బీచ్‌ల దగ్గర పడవ ఆనడానికి గట్టు ఉండదు. చాలాసార్లు కాస్త దూరంలో లంగరు వేస్తారు, ఈదుకుంటూ వెళ్లాలి. ఈత రానివాళ్లు, పిల్లలు ఉంటే చిన్న రబ్బరు పడవ, లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి.

నీళ్లు లోపలికి పోని సంచిలో మనిషికి మూడు లీటర్ల తాగునీరు, టోపీ, పొడుగు చేతుల కాటన్ చొక్కా సర్దుకోండి. నీడ దొరకడం కష్టం. తినడానికి కిమోలోస్ బేకరీలో లాడేనియా కొనుక్కోండి. టమాటా, ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి కాల్చే ఆ రొట్టె శాకాహారులకు బాగా సరిపోతుంది. ఒడ్డు దాటి రాళ్లలోకి వెళ్లాలనుకుంటే బూట్లు తప్పనిసరి. మీలోస్, కిమోలోస్, సిఫ్నోస్, పోలీయెగోస్‌లలో తప్ప ఇంకెక్కడా లేని విషసర్పం ఒకటి అక్కడ ఉంది.

ఇక సముద్రపు గుహలు. వాటి లోపలికి ఈదుకుంటూ వెళ్లకండి, పడవవాళ్లు తీసుకెళతామన్నా ఒప్పుకోకండి. ప్రపంచం మొత్తంలో కొన్ని వందలే మిగిలిన మధ్యధరా మాంక్ సీల్ అనే సముద్ర జంతువులు ఆ గుహల్లోనే పిల్లల్ని కంటాయి, ఎక్కువగా శరదృతువులో. అలికిడికి తల్లి బెదిరి వెళ్లిపోతే పిల్ల బతకడం కష్టం. నీళ్లలో నల్లటి తల ఒకటి పైకి తేలి మీవైపు చూస్తే, ఉన్నచోటే ఆగి, అది మునిగేదాకా చూస్తూ ఉండండి.