రిబ్బను చుట్టిన మిలాన్ రాచజడ

15వ శతాబ్దం చివర ఇటలీలోని మిలాన్ ఆస్థానంలో, పాలకుడు లుడోవికో స్ఫోర్జా భార్య బియాట్రిచే దెస్తే ధరించిన కోఆజ్జోనే అనే పొడవైన జడను సవరం ఉన్నవారెవరైనా ఇంట్లోనే అల్లుకోవచ్చు. మిలాన్‌లోని బ్రెరా చిత్రశాలలో ఉన్న స్ఫోర్జా కుటుంబ చిత్రంలో ఆమె పక్కకు తిరిగి మోకరిల్లి ఉండటంతో జడ తీరు స్పష్టంగా కనిపిస్తుంది కనుక ముందుగా దానిని నిదానంగా పరిశీలించండి.

తలకు కొద్దిగా నూనె రాసి, నడిపాపిడి తీసి, జుట్టు చెవులను కప్పేలా నున్నగా దువ్వి, మెడ దగ్గర దారంతో బిగించి కట్టండి. అక్కడ సవరం కలిపి మూడు పాయల జడ అల్లాక, తల వెనుక భాగానికి చిన్న వలటోపీ పెట్టి, అది జారకుండా నుదుటి మీదుగా సన్నని తాడు కట్టాలి. ఈ తాడే ఆ అలంకరణకు ప్రాణమని నా అభిప్రాయం.

ఆ తరువాత జడకు పలుచని తెల్లని నూలు గుడ్డ చుట్టి, అంచును సూదితో కుట్టండి. జడకు సుమారు మూడింతల పొడవున్న అరంగుళం వెడల్పు రిబ్బను మధ్యభాగాన్ని మెడ దగ్గర ఉంచి, రెండు కొసలనూ ముందువైపు, వెనుకవైపు అడ్డంగా దాటిస్తూ, దాటింపుల మధ్య దూరం సమానంగా ఉండేలా కిందికి తెచ్చి ముడివేయాలి. నున్నని శాటిన్ రిబ్బను తరచూ జారిపోతుంది. పట్టు లేదా నూలు రిబ్బను అయితే బిగువు నిలుస్తుంది. విప్పేటప్పుడు ముందుగా కుట్లు కత్తిరించండి, జుట్టును లాగకండి.