ఎడిట్లు ఇంట్లో, ఫొటోలు ల్యాప్‌టాప్‌లో

చెల్లి పెళ్లి ఫొటోలు రెండు రాత్రులు కూర్చుని లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరిచేశాను. రా ఫైళ్లు (కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఊరెళ్లి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఒక్క మార్పూ లేదు, పెట్టిన స్టార్లూ లేవు. గుండె గుభేలుమంది! తీరా చూస్తే ఎడిట్లన్నీ ఇంటి కంప్యూటర్లోని క్యాటలాగ్‌లోనే, అంటే లైట్‌రూమ్ మార్పులన్నీ రాసుకునే డేటాబేస్‌లోనే ఉన్నాయి.

తిరిగొచ్చి, ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్+ఎస్ కొట్టాను. ప్రతి రా ఫైలు పక్కన ఆ మార్పుల వివరాలతో ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు పుట్టింది. రెండూ కలిపి కాపీ చేసుకుని, ల్యాప్‌టాప్‌లో ముందే ఇంపోర్ట్ అయినవాటికి 'రీడ్ మెటాడేటా ఫ్రమ్ ఫైల్స్' నొక్కితే రంగులు, స్టార్లు, కీవర్డులు వచ్చేశాయి. కలెక్షన్లు (లైట్‌రూమ్‌లో నేను చేసుకున్న ఫొటోల గుంపులు), వర్చువల్ కాపీలు (ఒకే ఫొటోకి వేరే ఎడిట్‌తో చేసిన ఉత్తుత్తి నకళ్లు) మాత్రం రాలేదు; అవి ఎక్స్‌ఎంపీలోకి ఎక్కవట.

అందుకే ఇప్పుడు క్యాటలాగూ ఫొటోలూ ఒకే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో పెట్టాను. రెండు విండోస్ కంప్యూటర్లలోనూ దానికి ఒకటే డ్రైవ్ లెటర్ (E: లాంటిది) పెట్టాను, క్యాటలాగ్‌కి ఫొటోలు ఎక్కడున్నాయో దొరకాలి కదా. బ్యాకప్ వేరే డిస్కులో.