పాటల డబ్బా పాఠాలు, 4వ భాగం: ఫోన్‌లో స్ట్రీమర్ కనపడట్లేదా, ముందు నంబర్లు చూడండి

పోయిన భాగంలో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద మూడ్ ఆడియో అనే పాటల సాఫ్ట్‌వేర్ ఎక్కించి, డిజిటల్ పాటని సౌండ్ సిగ్నల్‌గా మార్చే డాక్ తగిలించి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాట ఒకటి పాడించాం కదా, ఆ పాటల డబ్బానే స్ట్రీమర్ అంటున్నా. అక్కడిదాకా అందరూ బానే వస్తారు. ఆ తర్వాత ఫోన్ తీసి యాప్ ఓపెన్ చేస్తే స్ట్రీమర్ పేరే ఉండదు, నిన్న ఉంది ఇవాళ లేదు, లేకపోతే అమ్మ ఫోన్‌లో ఉంటుంది మన ఫోన్‌లో ఉండదు. రెడీమేడ్ స్ట్రీమర్ కొనుక్కున్నవాళ్లకీ ఇదే గోల, కాబట్టి ఈ పాఠం అందరికీ.

ఒక మాట ముందే చెప్తున్నా, నెట్ స్పీడ్ చాలట్లేదేమో అనుకుని ప్లాన్ మాత్రం పెంచకండి. లెక్క మీరే వేసుకోండి, సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కోటి 16 బిట్లు, చానెళ్లు రెండు, మొత్తం గుణిస్తే 14,11,200 బిట్లు, అంటే సెకనుకి 1.4 మెగాబిట్లు (ఎంబీపీఎస్). 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఫైల్ అయినా 9.3 దాటదు. పైగా పాటలు ఇంట్లో హార్డ్ డిస్క్‌లోనే ఉంటే బయట నెట్ అసలు లేకపోయినా పాడుతుంది. మన సమస్య స్పీడ్ కాదు, ఫోనూ స్ట్రీమరూ ఒకళ్లకొకళ్లు కనపడకపోవడం.

ఎలా కనపడతారంటే, ఫోన్ ఇంట్లో ఒక కేకేస్తుంది, "ఇక్కడ పాటలు పాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని. యాపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే అయితే ఆ కేక 224.0.0.251 అనే అడ్రస్‌కి, పోర్ట్ 5353 మీద పోతుంది, డీఎల్‌ఎన్‌ఏ (ఇంట్లో వస్తువులు పాటలు, వీడియోలు పంచుకునే పద్ధతి) యాప్ అయితే 239.255.255.250 కి, పోర్ట్ 1900. స్ట్రీమర్ అది విని "నేనున్నా" అంటే యాప్‌లో పేరు వస్తుంది. ఈ కేక ఆ నెట్‌వర్క్ గడప దాటదు, మామూలు ఇంటి రౌటర్లు దాన్ని అవతలికి పోనివ్వవు. ఈ ఒక్కటి బుర్రకెక్కితే మిగతా పాఠం సగం అయిపోయినట్టే.

ఇప్పుడు పని. సెట్టింగులు కెలక్కండి ఇంకా. ఒక కాగితం మీద రెండు నంబర్లు రాయండి. ఒకటి ఫోన్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని డోర్ నంబర్, వైఫై సెట్టింగ్స్‌లో మీ వైఫై పేరు నొక్కితే కింద ఉంటుంది. రెండోది స్ట్రీమర్‌ది, దానికి రౌటర్ పేజీలోకి వెళ్లాలి, బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొట్టండి, కరెక్ట్‌ది ఏదో పాస్‌వర్డ్‌తో సహా రౌటర్ కింద స్టిక్కర్ మీద రాసుంటుంది. లోపల డీహెచ్‌సీపీ (రౌటర్ అందరికీ నంబర్లు పంచే పని) క్లయింట్ లిస్ట్ అనో కనెక్టెడ్ డివైసెస్ అనో ఒకటుంటుంది, అందులో వెతకండి. పేరు పిచ్చిగా ఉంటే మ్యాక్ అడ్రస్ (తయారీలోనే వస్తువుకి ఇచ్చిన గుర్తింపు నంబర్) చూడండి, పాత రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులకి అది బీ8, 27, ఈబీ అని మొదలవుతుంది.

రెండు నంబర్లలో మొదటి మూడు ముక్కలు పోల్చండి. ఫోన్‌ది 192.168.1.7, స్ట్రీమర్‌ది 192.168.0.104 అనుకోండి. దొంగ దొరికాడు, మీ ఇంట్లో రెండు రౌటర్లు రెండు సంసారాలు నడుపుతున్నాయి.

మా ఇంట్లో జరిగింది ఇదే. కింద హాల్లో ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బా, పైన నాన్న గదికి సిగ్నల్ అందట్లేదని నేను ఇంకో రౌటర్ కొని వైరు లాగి పెట్టా, స్ట్రీమర్ పైదానికి తగిలించా. నాన్న పొద్దున్నే మేడ మీద ఫోన్‌లో కీర్తనలు పెట్టుకుంటారు బ్రహ్మాండంగా, కాఫీకి కిందకి దిగితే ఫోన్ కింద వైఫై పట్టుకుంటుంది, అంతే, "ఒరేయ్ నీ డబ్బా మళ్లీ మాయమైందిరా" అని కేక. నేనేమో స్ట్రీమర్‌లో లోపం అనుకుని మెమరీ కార్డు మూడుసార్లు మళ్లీ రాశా, రెండు ఆదివారాలు పోయాయి, కాగితం మీద రెండు నంబర్లు రాసుంటే రెండు నిమిషాల పని.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది, వినండి. పై రౌటర్‌లో ఉన్న ఫోన్ నుంచి కింద రౌటర్‌కి తగిలించిన వస్తువుని నంబర్ కొట్టి ఓపెన్ చేస్తే వస్తుంది, కానీ కింద నుంచి పైదానికి నంబర్ కొట్టినా రాదు, ఎందుకంటే పై రౌటర్‌కి కింద ఇల్లంతా బయట ప్రపంచమే, తలుపేసుకుని కూర్చుంటుంది. అందుకే ఒక ఫోన్‌లో వస్తుంది ఇంకో ఫోన్‌లో రాదు అని జనం తల పట్టుకుంటారు.

మందు ఏంటంటే రెండో రౌటర్‌ని రౌటర్‌గా ఉద్యోగం మాన్పించాలి. దాని పేజీలో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైఫై మాత్రమే ఇచ్చి, నంబర్లు పంచడం మెయిన్ రౌటర్‌కి వదిలేసేది) ఉంటే అది నొక్కేయండి, అయిపోయింది. లేకపోతే చేత్తో చేయాలి, ముందు మెయిన్ రౌటర్‌లో డీహెచ్‌సీపీ పంచే నంబర్లని 192.168.1.100 నుంచి 200 దాకా అని కుదించండి, తర్వాత రెండోదాని లాన్ (ఇంటి లోపలి) అడ్రస్ 192.168.1.2 చేసి, దాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, మెయిన్ రౌటర్ నుంచి వచ్చే వైరుని వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్ట్‌లోంచి పీకి లాన్ పోర్ట్‌లో పెట్టండి. సేవ్ కొట్టగానే పాత పేజీ చచ్చిపోతుంది, కంగారు పడకండి, ఇకనుంచి అది 192.168.1.2 దగ్గర తెరుచుకుంటుంది. స్ట్రీమర్, ఫోన్ రెండూ ఒకసారి ఆపి వేయండి.

రెండో రకం జబ్బు, స్ట్రీమర్ స్క్రీన్ మీద నంబర్ 169.254 తో మొదలవడం. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి స్క్రీన్ లేనివైతే రౌటర్ లిస్ట్‌లో పేరే ఉండదు. దానర్థం స్ట్రీమర్ నంబర్ అడిగింది, ఎవరూ ఇవ్వలేదు. మన దగ్గర ఇది ఎక్కువగా కరెంటు పోయొచ్చినప్పుడే, రెండూ ఒకేసారి లేస్తాయి, స్ట్రీమర్ చకచకా తయారై అడిగేసరికి రౌటర్ ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది. రౌటర్ లైట్లన్నీ కుదురుకున్నాక స్ట్రీమర్‌ని ఆపి వేస్తే చాలు. రోజూ ఇదే తంతు అయితే రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, లేదా చిన్న రౌటర్ యూపీఎస్ కొనండి.

నంబర్లు రెండూ ఒకే వరసలో ఉన్నా కనపడట్లేదంటే మూడో రకం. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి, గెస్ట్ అంటేనే ఇంట్లోవాళ్లతో మాట్లాడనివ్వకపోవడం. మామూలు వైఫైలో కూడా ఏపీ ఐసోలేషన్ అని, వైఫైలో ఉన్నవాళ్లని ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడనివ్వని ఒక టిక్ ఉంటుంది, అది ఉంటే తీసేయండి.

ఇదీ కాదు, రీస్టార్ట్ చేశాక కనపడి నాలుగైదు నిమిషాలకి మాయమవుతోంది అంటే రౌటర్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ మీద అనుమానం పెట్టుకోండి. ఆ కేకలు ఎవరికి కావాలో వాళ్ల పోర్ట్‌కే పంపుదాం అనే తెలివి అది, మంచిదే, కానీ "ఇంకా వింటున్నావా" అని మధ్యమధ్యలో అడిగేవాడు ఒకడు నెట్‌వర్క్‌లో ఉండాలి. వాడు లేకపోతే మామూలుగా 260 సెకన్లకి లిస్ట్‌లోంచి పేరు కొట్టేస్తారు. గుర్తు పట్టడం తేలిక, 224.0.0 తో మొదలయ్యే కేకల్ని అందరికీ పంపాలనేది పద్ధతి, 239 వాటికి ఆ మినహాయింపు లేదు, కాబట్టి ఎయిర్‌ప్లేలో స్ట్రీమర్ ఉంటుంది, డీఎల్‌ఎన్‌ఏ యాప్‌లో మాత్రం పోతుంది. స్నూపింగ్ ఆపేసి పది నిమిషాలు చూడండి. అదే ఫైబర్ మీద ఐపీటీవీ (నెట్ లైన్ మీద వచ్చే టీవీ చానెళ్లు) కూడా చూస్తుంటే ఆపాక టీవీ సరిగ్గా వస్తోందా లేదా చూసుకోండి, తేడా వస్తే మళ్లీ ఆన్ చేసి ఆ మెనూలో క్వెరియర్ (ఇందాక చెప్పిన "ఇంకా వింటున్నావా" అని అడిగేవాడు) అనేది ఉంటే అది ఆన్ చేయండి.

ఇక హోంవర్క్. మెయిన్ రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ పేజీకి వెళ్లి స్ట్రీమర్ మ్యాక్ అడ్రస్‌కి 192.168.1.50 లాంటి ఒక నంబర్ కట్టేయండి, మీ రౌటర్ పంచే వరసలోదే ఇవ్వు అని మొండికేస్తే 150 ఇవ్వండి. వైరుకి ఒక మ్యాక్, వైఫైకి ఇంకో మ్యాక్ ఉంటాయి, మీరు దేంతో కలిపారో దానిదే తీసుకోండి, ఇక్కడ నేనూ బోల్తా పడ్డా. తర్వాత రౌటర్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేసి, అది లేచాక స్ట్రీమర్‌ని కూడా ఆపి వేసి, అదే నంబర్‌తో వచ్చిందో లేదో బ్రౌజర్‌లో కొట్టి చూడండి. పాట మధ్యలో తెగడం మాత్రం వేరే కథ, ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో పక్కింటివాళ్ల వైఫైతో గొడవ అది, ఐదో భాగంలో చానెల్ 1, 6, 11 దగ్గర మొదలుపెడదాం. అప్పటిదాకా ఆ కాగితం పారేయకండి.