మల్గీలో చేతిపని సరుకు అమ్మాలనుకునేవాళ్ళకు

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో స్కందగిరి గుడికి రెండు సందుల అవతల నాకొక మల్గీ, అంటే చిన్న కొట్టు ఉంది. అందులో చేతిపని సరుకు అమ్ముతాను. మొత్తం 160 చదరపు అడుగులు. అంతకుముందు అక్కడ జిరాక్స్ షాపు నడిచేది. గోడ మీది టోనర్ మరక ఎంత తోమినా పోకపోతే, దాని మీద చేర్యాల పటం, అంటే కథలు బొమ్మలుగా గీసిన గుడ్డ, వేలాడదీశాను. ఏడేళ్ళయింది. నెలకు ఒకరిద్దరైనా వచ్చి "ఆంటీ, మేం గూడ ఇట్లాంటిది పెడదామనుకుంటున్నం, ఎట్ల మొదలుపెట్టాలె?" అని అడుగుతారు. గిరాకీ ఉన్నప్పుడు నిలబడి చెప్పలేను కాబట్టి రాసి పెడుతున్నా.

అడిగేవాళ్ళందరికీ ముందు షెల్ఫులు, లైట్లే గుర్తొస్తాయి. నన్నడిగితే ముందు కొనాల్సింది కార్బన్ పేపరు పెట్టి రాసే రసీదు పుస్తకం. సరుకు ఎవరు తెచ్చినా, పక్కింటి ఆమె క్రోషే సంచులైనా సరే, వస్తువు, ఎన్ని, వాళ్ళ చేతికి రావాల్సిన ధర, తారీఖు, ఉన్న గీతా మచ్చా అన్నీ వాళ్ళ ముందే రాసి ఒక కాపీ చేతిలో పెట్టండి. ఈ షాపు పెట్టకముందు నేనూ క్రోషే సంచులు అల్లి ఒక దుకాణంలో ఇచ్చేదాన్ని. రాత కోతా ఏమీ లేదు. 2,200 రూపాయల కోసం ఎనిమిది నెలలు తిరిగాను. పోయిన ప్రతిసారీ ఆయన చాయ్ తాగించేవాడు, పైసలు మాత్రం ఇచ్చేవాడు కాదు.

ధర కట్టడంలో కొత్తవాళ్ళు దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. బొమ్మ చేసినాయన తనకు 400 కావాలన్నాడు, మీ వాటా 30 శాతం అనుకున్నారు. 400కి 30 శాతం కలిపి 520 చీటీ అంటిస్తారు. నెలాఖరున లెక్క చూసేటప్పుడు అమ్మిన ధరలో 30 శాతం, అంటే 156 తీసుకుంటారు. ఆయన చేతికి 364 వస్తాయి. ఇద్దరికీ కోపం వస్తుంది, ఎవరి తప్పో ఎవరికీ అర్థం కాదు. 400ను 0.7తో భాగించాలి. 571 వస్తుంది. 575 అని రాయండి. నా వాటా 30 దాటనివ్వను. కిరాయి, కరెంటు, కవర్లు, పగిలినవి, అన్నీ అందులోంచే. అందుకే మెయిన్ రోడ్డు మీద షాపు నాకు కుదరలేదు. ఇక్కడ గుడికొచ్చేవాళ్ళు మంగళవారాలు ఎటూ ఈ సందులోంచే నడుస్తారు.

అమ్ముడుపోయాకే డబ్బులన్న పద్ధతి మనకు సుఖం. చేసేవాడికి అట్లా కాదు. ఆయన సరుకు నాలుగు షాపుల్లో ఇరుక్కుంటే రంగులకూ చేతిలో పైసలుండవు. కాబట్టి కొత్త మనిషి దగ్గర మొదటి విడత సరుకు, నాలుగు వస్తువులే అయినా, రొక్కం ఇచ్చి కొనండి. అవి మీ కొట్లో పోతాయో పోవో కూడా మీ డబ్బుతోనే తెలుస్తుంది. తర్వాత ఉంచి అమ్మేదానికి నెలనెలా 5వ తారీఖున లెక్క. ఏమీ పోకపోతే ఏమీ పోలేదని ఫోన్ చేసి చెప్పండి. ఆ ఫోన్ చెయ్యడానికి మొహమాటపడే చాలామంది చెడ్డపేరు తెచ్చుకుంటారు.

చేసేచోటికి ఒక్కసారైనా వెళ్ళండి. మొదటిసారి చేర్యాల వెళ్ళినప్పుడు అక్కడి మాస్కులు చెక్కతో చేస్తారనుకున్నాను. తీరా చూస్తే లోపల కొబ్బరి చిప్ప, పైన రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్ద. అది ఎండాలి, ఆ తర్వాతే రంగు. వానాకాలంలో ఎక్కడ ఎండుతుంది? ఆ సంగతి తెలియక మొదటి ఏడు భాద్రపదంలో ఫోన్ చేసి దసరాకు నలభై కావాలన్నాను. అవతలాయన నవ్వి, "అక్కా, వానదేవునికి జెప్పుండ్రి" అన్నాడు. అప్పట్నుంచి దసరా బొమ్మల ఆర్డరు ఎండలుండగానే ఇస్తున్నా. నిర్మల్ బొమ్మలకూ అంతే. వాటికి వాడే పొనికి కర్ర తేలిక, పని మాత్రం నిదానం.

వాన అంటే ఇంకో సంగతి. చేర్యాల పటం గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల పిండి, జిగురు పట్టిస్తారు. పురుగుకైనా బూజుకైనా అది విందు భోజనమే. రెండో ఏడు ఆషాఢంలో వెనక గోడ చెమ్మెక్కి మూడు పటాలు పాడయ్యాయి. మొత్తం నేనే కట్టుకున్నా, కొట్లో ఉండగా పాడైతే కట్టాల్సింది మనమే కదా. అది కూడా ఆ రసీదు మీద రాసి ఉండాలి. ఇప్పుడు పటానికీ గోడకూ మధ్య రెండు వేళ్ళ సందు వదిలి, కొయ్య పట్టీల మీద వేలాడదీస్తున్నా.

వస్తువు పక్కన 'హ్యాండ్‌మేడ్' అని రాసి ఊరుకోకండి. ఆ మాట మిషన్ సరుకు మీద కూడా కనిపిస్తుంది. ఎవరు చేశారు, ఏ ఊరు, ఎన్ని రోజులు పట్టింది, మూడు ముక్కలు చాలు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. పోచంపల్లి అని చెప్పి ప్రింటు గుడ్డ అంటగట్టేవాళ్ళు మీ దగ్గరికీ వస్తారు. తిప్పి చూడండి. పోచంపల్లిలో ముందు నూలుకు ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. గీత గీసినట్టు పదునుగా ఉండి వెనక వెలిసినట్టుంటే దండం పెట్టి పంపించండి.

వస్తువును ఎట్లా చూసుకోవాలో రాసిన చిన్న చీటీ డబ్బాలో వెయ్యండి. పెంబర్తి ఇత్తడిని చింతపండుతో తోమినా ఫరవాలేదు. అదే అలవాటులో ఒకావిడ, నల్లటి లోహంలో వెండి పొదిగిన బిద్రీ డబ్బీని కూడా తోమేసింది. బిద్రీలో వెండి మెరిసేదే చుట్టూ ఉన్న నలుపు వల్ల. ఆ నలుపు చెదిరిపోయింది. ఆవిడ వచ్చి డబ్బులు వాపస్ అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. చీటీ పెట్టనిది నేనే కదా, సగం ఇచ్చాను.

బేరం తప్పదు, హైదరాబాద్ ఇది. బోణీ వేళ తగ్గించాల్సి వస్తే నా 30లోంచే తగ్గిస్తాను, చేసినవాళ్ళ అంకె కదలదు. కొనేవాళ్ళు చేసినవాళ్ళ నంబరు అడిగితే, చేసినవాళ్ళు సరేనంటే ఇచ్చేస్తాను కూడా. పిచ్చిదానివా అంటారు మా ఆయన. రెండు పెద్ద ఆర్డర్లు అట్లా నేరుగా పోయాయి, నిజమే. కానీ దసరా ముందు సరుకు చాలనప్పుడు ఆ చేర్యాలాయన అందరికంటే ముందు నాకే పంపుతాడు.

కాగితాల పని: జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు, షాపుల చట్టం కింద లేబర్ రిజిస్ట్రేషన్. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ఆంధ్రలో వస్తువులమ్మేవాళ్ళ ఏడాది అమ్మకాల హద్దు 40 లక్షలని విని ధీమాగా ఉండకండి, తెలంగాణలో అది 20 లక్షలే. పైగా వేరేవాళ్ళ సరుకు అమ్మిపెట్టేవాళ్ళ లెక్క వేరు. మొదటి నెలలోనే ఆడిటర్‌ని అడగండి.

గుమ్మం దగ్గర 300 లోపు వస్తువులే పెట్టండి. ఆషాఢంలో షట్టర్ తీయడమే దండగ అనిపిస్తుంది, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం వాయనాలకు ఊపిరాడదు. డిసెంబర్, జనవరిలో అమెరికా నుంచి వచ్చినవాళ్ళు పటాలు కొంటారు. చుట్టి పీవీసీ పైపులో పెట్టి ఇవ్వండి, ప్లంబింగ్ సామాను కొట్లో ముక్క కోసిస్తారు.

పోనివాటిని తొంభై రోజులకు తిరిగి ఇచ్చెయ్యండి. మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అమ్మాయి ఒకతి పాత ఇళ్ళ వాటర్‌కలర్లు ఐదు పెట్టింది, ఒక్కటీ పోలేదు. తీసుకుపోవడానికి వచ్చి కాసేపు నిలబడి, "ఆంటీ, ఫ్రేములు తీసేసి పోస్ట్‌కార్డు సైజులో వేస్తే?" అంది. నాలుగు పట్టుకుపోయింది. మిగిలినదాని మీద పాత చీటీ పీకి, కొత్త రసీదు రాసుకున్నాం.